పాలపళ్ళ సంరక్షణ – శిశువైద్యం: ఒక విభజన, ఒక పునస్సంధాన చరిత్ర

వ్యాస సంగ్రహం

పసిపిల్లల దంతక్షయాన్ని నివారించే బాధ్యతను దంతవైద్యుని కంటే ముందుగా శిశువైద్యుడు, ప్రాథమిక ఆరోగ్య కార్యకర్త స్వీకరించాలన్న ఆలోచన గత మూడు దశాబ్దాలలో బలపడింది. ఇది కొత్తగా కనిపించినా, దీని వెనుక రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దిలో దంతవైద్యం ప్రత్యేక వృత్తిగా విడిపోయింది. అదే కాలంలో శిశువైద్యం ‘పళ్ళు రావడమే జబ్బులకు మూలం’ అన్న పాత నమ్మకాన్ని వదిలించుకుంటూ తన శాస్త్రీయతను నిరూపించుకుంది. ఈ రెండు పరిణామాల నడుమ, పుట్టుక నుంచి మూడో ఏడు వరకూ బిడ్డ నోరు ఏ వృత్తి బాధ్యతా కాకుండా పోయింది. ఆ ఖాళీ ఎలా ఏర్పడిందో, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దానిని పూరించే ప్రయత్నం ఎలా సాగిందో, ఆ అనుభవం తెలుగు ప్రాంతాలకు ఎంతవరకు వర్తిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దంతక్షయం, పాలపళ్ళు, శిశువైద్యం, ప్రాథమిక ఆరోగ్య సేవ, ఫ్లోరైడ్ వార్నిష్, వైద్య వృత్తుల చరిత్ర.

1. ఉపోద్ఘాతం

బిడ్డకు సుమారు ఆరో నెలలో కింది ముందుపళ్ళు మొలుస్తాయి. మూడో ఏడు వచ్చేసరికి ఇరవై పాలపళ్ళూ నోట్లో ఉంటాయి. దంతక్షయం మొదలయ్యేది కూడా ఈ కాలంలోనే. పై ముందుపళ్ళ మీద, చిగురును ఆనుకొని సన్నని తెల్లని గీత ఏర్పడుతుంది. ఆ దశలో గుర్తిస్తే వ్యాధిని నిలువరించవచ్చు, పంటిపొరను తిరిగి గట్టిపరచవచ్చు. కొన్ని నెలలు గడిస్తే గీత గోధుమరంగు మచ్చగా, మచ్చ గుంటగా మారుతుంది. ఆ తరువాత మిగిలేవి నొప్పి, చీము, నిద్రలేని రాత్రులు, తిండి తినలేని పగళ్ళు.

ఈ మూడేళ్ళలో బిడ్డ వైద్యవ్యవస్థకు కనబడని ప్రాణి కాదు. టీకాల కోసం, బరువు చూపించడానికి, జ్వరానికి, దగ్గుకు తల్లి బిడ్డను ఎన్నోసార్లు వైద్యుని వద్దకో ఆరోగ్య కేంద్రానికో తీసుకొని వస్తుంది. దంతవైద్యుని వద్దకు మాత్రం తీసుకొని వెళ్ళదు. “పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి” అన్న మాట తెలుగు ఇళ్ళలో ఎంత సహజమో, ఇతర దేశాలలోనూ అంతే సహజం. బిడ్డను చూసేవారు నోరు తెరచి చూడరు. నోరు చూడటం నేర్చినవారి వద్దకు బిడ్డ రాదు. ఈ విచిత్ర పరిస్థితికి కారణం వైద్య విజ్ఞానంలోని లోపం కాదు. వృత్తుల మధ్య చారిత్రకంగా ఏర్పడిన సరిహద్దు.

2. దంతోద్భవ భయం: శిశువైద్యం వదిలించుకున్న వారసత్వం

ప్రాచీన వైద్యులు పసిబిడ్డ పళ్ళను ఉపేక్షించలేదు. పైగా వాటికి మితిమీరిన శక్తిని ఆపాదించారు. ఆయుర్వేదంలో కౌమారభృత్యానికి ప్రధాన గ్రంథమైన కాశ్యపసంహితలో దంతజననానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. వాగ్భటుని అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో శిశువుకు వచ్చే సకల రోగాలకూ దంతోద్భేదం కారణమని పేర్కొన్నది. పాశ్చాత్య వైద్యంలోనూ ఇదే భావన బలంగా ఉండేది. పదహారో శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారే పళ్ళు సులభంగా పైకి రావడానికి చిగుళ్ళను కోయాలని సూచించాడు. ఆ కోత పద్ధతి మూడు శతాబ్దాలకు పైగా కొనసాగింది.

మరణ నమోదులో ఈ నమ్మకం అంకెల రూపం ధరించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1839లో 5,016 మరణాలకు పళ్ళు రావడమే కారణమని నమోదు చేశారు. ఆరో నెల నుంచి రెండో ఏడు వరకూ శిశుమరణాలు ఎక్కువగా ఉండేవి. పళ్ళు వచ్చేదీ ఆ వయస్సులోనే. తల్లిపాలు తగ్గి, కలుషితమైన నీరు, పశువుల పాలు బిడ్డ కడుపులోకి చేరేదీ అప్పుడే. ఒకే కాలంలో జరిగిన రెండు సంఘటనలలో కంటికి కనిపించేది పన్ను కనుక నింద పన్ను మీద పడింది. పళ్ళు వచ్చేటప్పుడు విరేచనాలు సహజమేనని నేటికీ అనేక కుటుంబాలు నమ్మి చికిత్సను ఆలస్యం చేయడం ఈ పాత పొరపాటుకు కొనసాగింపే.

అమెరికాలో శిశువైద్యానికి పితామహునిగా పేరొందిన ఏబ్రహాం జకోబీ 1862లో ప్రచురించిన తొలి గ్రంథాలలో ఒకటి దంతోద్భవం, దాని వికారాలపై చేసిన ఉపన్యాసాల సంపుటి. పళ్ళు రావడం సహజమైన శారీరక ప్రక్రియ అనీ, దానికి ఆపాదించిన రోగాలలో అధికభాగానికి ఇతర కారణాలు వెతకాలనీ ఆయన వాదించాడు. విరేచనాలకు, జ్వరానికి, మూర్ఛకు అసలు కారణాన్ని అన్వేషించమని వైద్యులకు చెప్పడమే శిశువైద్యం శాస్త్రంగా ఎదగడంలో ఒక ముఖ్యమైన మెట్టు.

ఆ పాత నమ్మకం చివరి వరకూ ప్రాణాలు తీస్తూనే వచ్చింది. పళ్ళు వచ్చే పిల్లలకు పట్టించే చూర్ణాలలో పాదరస లవణమైన కాలమెల్ ఉండేది. చేతులు, కాళ్ళు ఎర్రబడి, బిడ్డ నిరంతరం బాధతో ఏడ్చే ‘పింక్ డిసీజ్’కు కారణమేమిటో చాలాకాలం తెలియలేదు. అమెరికాలో జోసెఫ్ వర్కానీ, డొనాల్డ్ హబ్బర్డ్ 1940ల చివర ఆ పిల్లల మూత్రంలో పాదరసం ఉన్నదని చూపారు. బ్రిటన్‌లో 1954లో ఆ చూర్ణాలను మార్కెట్ నుంచి ఉపసంహరించిన తరువాత వ్యాధి దాదాపుగా అదృశ్యమైంది.

ఈ చరిత్రను బట్టి ఒక అనుమానం సమంజసంగా తోస్తుంది. పళ్ళను నిందించడం అశాస్త్రీయతకు గుర్తుగా మారినప్పుడు, పళ్ళ గురించి మాట్లాడకపోవడం శాస్త్రీయతకు గుర్తుగా మారింది. జకోబీ కోరినది ఇది కాదు. దంతోద్భవం మీద అపవాదును తొలగించమని అతడు కోరాడు కానీ, దంతాన్ని పరీక్షించడం మానమని చెప్పలేదు. అయినా తరువాతి తరాల వైద్య విద్యార్థులు గొంతును, చెవిని, ఊపిరితిత్తులను క్షుణ్ణంగా పరీక్షించడం నేర్చుకున్నారు. గొంతును చూడటానికి దాటుకొని పోవలసిన ద్వారంగా మాత్రమే పంటివరుసను చూశారు.

3. బాల్టిమోర్, 1840: వేరుపడిన వృత్తి

ఫ్రాన్స్‌లో పియర్ ఫొషార్ 1728లో ప్రచురించిన గ్రంథంతో దంతచికిత్స ఒక క్రమబద్ధమైన విద్యగా రూపుదిద్దుకొన్నది. ఆయన దానిని శస్త్రవైద్యంలో భాగంగానే చూశాడు. వేరు బాట అమెరికాలో ఏర్పడింది. హొరేస్ హేడెన్, చేపిన్ హారిస్‌ల కృషి ఫలితంగా మేరీలాండ్ రాష్ట్ర శాసనసభ 1840లో బాల్టిమోర్ దంతశస్త్ర కళాశాలకు అనుమతి ఇచ్చింది. ప్రపంచంలో కేవలం దంతవైద్యానికే ఏర్పడిన తొలి కళాశాల ఇదే. మేరీలాండ్ విశ్వవిద్యాలయ వైద్య ఆచార్యులు దంతవిద్యను తమలో చేర్చుకోవడానికి నిరాకరించినందువల్లే ఇది పుట్టిందన్న కథ బాగా ప్రచారంలో ఉంది. దానికి తగిన సమకాలీన ఆధారం లేదని కొందరు చరిత్రకారులు సందేహించారు. నిరాకరణ నిజమైనా కాకపోయినా, దాని ఫలితంగా చెప్పుకొనే విభజన మాత్రం నిజం. వేరు కళాశాల, వేరు పట్టా, వేరు సంఘం, తరువాత వేరు బీమా ఏర్పడ్డాయి.

విభజన వల్ల దంతవైద్యం నష్టపోయిందని చెప్పలేము. స్వతంత్ర వృత్తిగా అది వేగంగా ఎదిగింది. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విలోబి మిల్లర్ 1890లో, నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, చక్కెరలను ఆమ్లంగా మారుస్తాయనీ, ఆ ఆమ్లం పంటిపొరను కరిగిస్తుందనీ ప్రతిపాదించాడు. లండన్‌లో కిలియన్ క్లార్క్ 1924లో ‘స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్’ అనే సూక్ష్మజీవిని పిప్పిపళ్ళ నుంచి వేరుచేశాడు. దంతక్షయం సూక్ష్మజీవుల వల్ల కలిగే వ్యాధి అని, ఆహారంతో ముడిపడినదని, కాబట్టి నివారించదగినదని చెప్పడానికి కావలసిన మూలజ్ఞానం ఈ విధంగా చాలా ముందుగానే సమకూడింది. శిశువు ఆహారం గురించి తల్లికి సలహా చెప్పే వైద్యుని వద్దకు మాత్రం అది చేరలేదు.

ఈ దూరాన్ని గమనించినవారు లేకపోలేదు. కార్నెగీ సంస్థ పక్షాన కొలంబియా విశ్వవిద్యాలయ జీవరసాయన శాస్త్రవేత్త విలియం గీస్ 1926లో సమర్పించిన నివేదిక, దంతవైద్యం వైద్యంతో సమాన స్థాయిలో, సన్నిహిత సంబంధంలో ఉండాలని కోరింది. అయితే అదే నివేదిక దంతవైద్యం స్వతంత్ర వృత్తిగానే కొనసాగాలని కూడా సమర్థించింది. సన్నిహితత్వం ఆకాంక్షగా మిగిలింది, స్వాతంత్ర్యం వ్యవస్థగా స్థిరపడింది.

4. బడి గడప వద్ద ఆగిన నివారణ

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో పిల్లల పళ్ళపై ప్రజారోగ్య దృష్టి పడింది. ఆల్ఫ్రెడ్ ఫోన్స్ 1913లో కనెటికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో దంత పరిశుభ్రతా సహాయకులకు తొలి శిక్షణాలయం ప్రారంభించి, వారిని బడులకు పంపాడు. బోస్టన్‌లో పిల్లల కోసం ఫోర్సిత్ దంతవైద్యశాల 1914లో తెరుచుకొన్నది. న్యూజిలాండ్ 1921లో పాఠశాల దంత నర్సుల శిక్షణ ప్రారంభించింది. ఇవన్నీ గొప్ప ప్రయత్నాలే. వేలాది పిల్లల నొప్పిని తగ్గించాయి.

కానీ వీటన్నింటికీ ఒక ఉమ్మడి పరిమితి ఉంది. పిల్లలు ఒకేచోట దొరికేది బడిలో కనుక నివారణ అక్కడే మొదలైంది. బడి ఈడు ఐదో ఆరో ఏడు. అప్పటికి పాలపళ్ళలో వ్యాధి తన పని పూర్తిచేసి ఉంటుంది. నివారణ పేరుతో బడిలో జరిగినది అధికభాగం మరమ్మతు. స్థిరదంతాలను కాపాడటమే లక్ష్యంగా ఉన్నంతవరకు ఈ లోటు ఎవరికీ లోటుగా అనిపించలేదు.

5. ఫ్లోరైడ్: కొలరాడో కొండలు, నెల్లూరు బావులు

దంతక్షయ నివారణను వైద్యశాలలతో నిమిత్తం లేకుండా చేసే మార్గం నీటిలో దొరికింది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు 1901లో వచ్చిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే అక్కడి పిల్లల పళ్ళపై గోధుమరంగు మరకలను గమనించాడు. ఆ పళ్ళకు పిప్పి తక్కువగా పడుతున్నదని కూడా గుర్తించాడు. 1931లో రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీటిని విశ్లేషించి, మరకలకు కారణం ఫ్లోరైడ్ అని తేల్చాడు. ప్రభుత్వ శాస్త్రవేత్త ట్రెండ్లీ డీన్ పలు పట్టణాలను పోల్చి, లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము మోతాదులో ఉంటే మరకలు దాదాపు ఏర్పడకుండానే క్షయం తగ్గుతుందని నిర్ధారించాడు. 1945 జనవరి 25న మిచిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ నగర నీటికి ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. ఆ తరువాత పుట్టిన పిల్లలలో దంతక్షయం 60 శాతానికి పైగా తగ్గిందని పదకొండేళ్ళ అనంతరం డీన్ ప్రకటించాడు.

ఇదే దశాబ్దాలలో ఇదే మూలకం తెలుగు నేలపై మరో ముఖం చూపింది. హెచ్. ఇ. షార్ట్, సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో స్థానికంగా వ్యాపించిన ఫ్లోరోసిస్‌ను వర్ణించారు. అక్కడి బావినీరు పళ్ళకు మరకలు వేయడంతో ఆగలేదు. ఎముకలను బిగించి, వెన్నును వంచి, నడివయస్సు మనుషులను కదలలేనివారిగా చేసింది. నల్లగొండ జిల్లా పరిస్థితిని ఎ. హెచ్. సిద్దీఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించాడు. పటిక, సున్నం ఉపయోగించి నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. ప్రపంచ శాస్త్ర సాహిత్యంలో దాని పేరు ‘నల్లగొండ పద్ధతి’.

ఒకచోట నీటిలో కలపవలసినది, మరోచోట నీటి నుంచి తీయవలసినది అయింది. ఈ వైరుధ్యంలో మోతాదు పాఠంతోపాటు మరో పాఠం కూడా ఉంది. నీరు అందరికీ ఒకే మోతాదు ఇస్తుంది. అది ఎవరి నోటినీ పరీక్షించదు, ఏ తల్లితోనూ మాట్లాడదు. గ్రాండ్ రాపిడ్స్ విజయం తరువాత అమెరికా వైద్యులలో పిప్పిపళ్ళ సమస్య దాదాపు పరిష్కారమైందన్న ధీమా ఏర్పడింది. మిగిలిపోయిన వ్యాధి పేద ఇళ్ళలోని పసిపిల్లల నోళ్ళలో పోగుపడుతున్నదని గుర్తించడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

6. పాలసీసా నిందితురాలైన కాలం

ఇలియాస్ ఫాస్ 1962లో పసిపిల్లల ముందుపళ్ళలో వేగంగా వ్యాపించే క్షయాన్ని పాలసీసాతో ముడిపెట్టి, దానికి ‘నర్సింగ్ బాటిల్ మౌత్’ అని పేరు పెట్టాడు. సీసా నోట్లో ఉంచుకొని నిద్రపోయే బిడ్డకు రాత్రంతా పాలు, తీపి ద్రవాలు పళ్ళ చుట్టూ నిలిచి ఉంటాయన్నది ఆయన పరిశీలన. ఇది ముఖ్యమైన ముందడుగు. బడి ఈడుకు ముందే వ్యాధి ఉందని వైద్యలోకం దృష్టికి వచ్చింది.

అయితే పేరు ఒక నిందను కూడా మోసుకొచ్చింది. వ్యాధికి పేరుగా సీసా నిలిచినప్పుడు, దోషిగా సీసా పట్టించిన తల్లి నిలిచింది. సీసా వాడని పిల్లలలోనూ ఈ వ్యాధి కనిపించింది. సీసా వాడిన పిల్లలందరికీ వ్యాధి రాలేదు. తల్లి నోటి నుంచి బిడ్డకు సూక్ష్మజీవుల సంక్రమణ, పంటిపొర నిర్మాణ లోపాలు, రోజంతా తరచుగా తీపి తినడం, శుభ్రత, పేదరికం అన్నీ ఇందులో పాత్ర వహిస్తాయని తరువాతి పరిశోధనలు చూపాయి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 1994లో నిర్వహించిన సమావేశం ‘తొలి బాల్య దంతక్షయం’ అన్న పేరును సూచించింది. పేరు మారడంతో ప్రశ్న కూడా మారింది. ‘తల్లి ఏ తప్పు చేసింది?’ అన్న ప్రశ్న స్థానంలో ‘ఈ బిడ్డను ముందుగా ఎవరు చూడాలి?’ అన్న ప్రశ్న వచ్చింది.

చట్టంలో దీనికి సమాధానం అప్పటికే ఉంది. పేద పిల్లల కోసం 1967లో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన ముందస్తు పరీక్ష, చికిత్సా పథకంలో దంతసేవలూ భాగమే. ఆచరణ వేరుగా ఉంది. 1993లో అర్హులైన పిల్లలలో ఐదుగురికి ఒక్కరే దంతవ్యాధి నివారణ సేవ పొందారని కేంద్ర ప్రభుత్వ తనిఖీ కార్యాలయం 1996లో నివేదించింది. ప్రభుత్వ బీమా చెల్లించే రుసుము తక్కువ కనుక ఆ పిల్లలను చేర్చుకోవడానికి అనేకమంది దంతవైద్యులు సుముఖంగా లేరు. రెండేళ్ళ బిడ్డ నోటిని పరీక్షించే శిక్షణ కూడా చాలామందికి లేదు. పిల్లల దంతవైద్యుల సంఘం 1986లోనే మొదటి పుట్టినరోజు లోపు తొలి పరీక్ష జరగాలని చెప్పినా, శిశువైద్యుల సంస్థ చాలాకాలం మూడో ఏటినే ప్రమాణంగా ఉంచుకొన్నది. బిడ్డ ఒకటే అయినా, రెండు వృత్తుల క్యాలెండర్లు వేరుగా ఉన్నాయి.

7. ఉత్తర కరోలినా: నోరు తెరిపించిన శిశువైద్యులు

ఈ దూరాన్ని తగ్గించడానికి ఒక సాధనం సిద్ధంగా ఉంది. ఐరోపాలో 1964 నుంచి వాడుకలో ఉన్న ఫ్లోరైడ్ వార్నిష్‌ను పంటి మీద చిన్న కుంచెతో పూస్తే లాలాజలం తగలగానే గట్టిపడి అతుక్కుంటుంది. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్న ఈ పూతకు దంతవైద్యుని కుర్చీ అవసరం లేదు, విద్యుత్ పరికరాలు అవసరం లేదు. పళ్ళను పూర్తిగా ఆరబెట్టవలసిన పనీ లేదు. తల్లి ఒడిలో, వైద్యుని మోకాళ్ళపై తల ఆనించి పడుకొన్న బిడ్డకు రెండు మూడు నిమిషాలలో పూయవచ్చు. అమెరికాలో దీనికి 1994లో అనుమతి లభించింది. విచిత్రమేమంటే ఆ అనుమతి పళ్ళ జివ్వుమనే బాధను తగ్గించే పూతగా, గుంట లోపలి పొరగా మాత్రమే. క్షయ నివారణకు వైద్యులు తమ విచక్షణ మేరకు వాడసాగారు.

ఉత్తర కరోలినా రాష్ట్రపు పశ్చిమాన, అపలేచియన్ పర్వతప్రాంత జిల్లాలలో దంతవైద్యులు చాలా తక్కువ. అక్కడ 1990ల చివర మొదలైన చిన్న ప్రయత్నం నుంచి ‘ఇన్‌టు ద మౌత్స్ ఆఫ్ బేబ్స్’ అనే కార్యక్రమం రూపొందింది. 2000లో ప్రయోగాత్మకంగా ఆరంభమై 2001 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. శిశువైద్యుల సంఘం, కుటుంబవైద్యుల సంఘం, రాష్ట్ర బీమా విభాగం, విశ్వవిద్యాలయ దంత, ప్రజారోగ్య కళాశాలలు కలిసి నడిపాయి. శిశువైద్యుడు, కుటుంబవైద్యుడు లేదా వారి నర్సు బిడ్డ నోటిని పరీక్షించి, తల్లితో ఆహారం, శుభ్రత గురించి మాట్లాడి, వార్నిష్ పూసి, అవసరమైతే దంతవైద్యుని వద్దకు పంపుతారు. ఈ పనికి ప్రభుత్వ బీమా విడిగా రుసుము చెల్లిస్తుంది.

ఈ చివరి అంశమే చరిత్ర దృష్ట్యా కీలకం. దంతక్షయం గురించి కొత్త సత్యమేదీ 2000లో కనుగొనలేదు. మిల్లర్ 1890లో, ఫాస్ 1962లో చెప్పినదే ఆధారం. కొత్తగా వచ్చినవి మూడు: ఎవరైనా నేర్చుకోగల సాధనం, కొద్ది గంటల శిక్షణ, చేసిన పనికి చెల్లింపు. ఈ మూడూ కలిసినప్పుడే 1840 నాటి సరిహద్దు దాటడం సాధ్యమైంది. తరువాతి దశాబ్దంన్నరలో దాదాపు అన్ని రాష్ట్రాలూ ఇదే మార్గాన్ని అనుసరించాయి.

జాతీయ స్థాయిలోనూ గాలి మారింది. సర్జన్ జనరల్ డేవిడ్ సాచర్ 2000 మే నెలలో వెలువరించిన నివేదిక నోటి వ్యాధులను నిశ్శబ్ద మహమ్మారిగా అభివర్ణించింది. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలలో దంతక్షయం ఉబ్బసం కంటే ఐదు రెట్లు ఎక్కువని పేర్కొన్నది. అమెరికన్ శిశువైద్యుల అకాడమీ 2003లో, ఆరో నెల నాటికే నోటి ఆరోగ్యంలో ముప్పును అంచనా వేయాలని, ముప్పు ఉన్నవారికి ఏడాది లోపు దంతవైద్య ఆశ్రయం కల్పించాలని విధాన ప్రకటన చేసింది.

ఈ మార్పు అందరికీ సమయానికి చేరలేదు. 2007 ఫిబ్రవరిలో పన్నెండేళ్ళ పేద బాలుడొకడు పిప్పిపన్ను నుంచి మెదడుకు వ్యాపించిన ఇన్ఫెక్షన్‌తో మరణించాడు. ఆ మరణం జరిగినది మేరీలాండ్ రాష్ట్రంలో, ప్రపంచపు తొలి దంతకళాశాల పుట్టిన రాష్ట్రంలోనే. కాంగ్రెస్ విచారణలలో ఆ బాలుని ప్రస్తావన పదేపదే వచ్చింది. 2009 నాటి బాలల ఆరోగ్యబీమా చట్టం దంతసేవలను తప్పనిసరి చేసింది.

8. ఆధారం, దాని హద్దులు

శాన్‌ఫ్రాన్సిస్కోలో అల్పాదాయ కుటుంబాలకు చెందిన 376 మంది పసిపిల్లలపై జరిగిన యాదృచ్ఛిక పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. తల్లులకు సలహా మాత్రమే ఇవ్వడం కంటే సలహాతోపాటు వార్నిష్ పూయడం మెరుగని అవి చూపాయి. ఉత్తర కరోలినాలో నాలుగు, అంతకు మించి సందర్శనలు పొందిన పిల్లలకు ఆరేళ్ళ వయస్సు వరకు క్షయ సంబంధ చికిత్సల అవసరం 17 శాతం తగ్గిందని 2011లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. అమెరికా నివారణ సేవల కార్యదళం 2014లో, పన్ను మొలిచిన నాటి నుంచి ఐదేళ్ళ వరకు పిల్లలందరికీ ప్రాథమిక వైద్యులే వార్నిష్ పూయాలని సిఫారసు చేసింది. 2021లో దానిని పునరుద్ఘాటించింది.

అదే కార్యదళం మరో మాటా చెప్పింది. ప్రాథమిక వైద్యులు నోటిని కంటితో పరీక్షించడం వల్ల మాత్రమే ప్రయోజనం ఉందో లేదో నిర్ణయించడానికి తగిన ఆధారం లేదన్నది ఆ మాట. 17 శాతం తగ్గుదల విలువైనదే కానీ, అది వ్యాధిని నిర్మూలించే అంకె కాదు. తీపి పానీయాల వ్యాపారం, తల్లిదండ్రుల పనిగంటలు, ఇంటి ఆదాయం మారకుండా ఒక పూత మాత్రమే పిల్లల నోళ్ళను కాపాడలేదు. సరిహద్దును దాటడం అవసరమే. దాటినంత మాత్రాన గమ్యం చేరినట్టు కాదు.

9. తెలుగు ప్రాంతాల సందర్భం

భారతదేశంలోనూ వృత్తుల విభజన ఇదే రూపంలో స్థిరపడింది. కలకత్తాలో డా. రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో దంతకళాశాల స్థాపించాడు. 1948 నాటి దంతవైద్యుల చట్టం ఆ వృత్తికి ప్రత్యేక మండలిని ఏర్పరచింది. 2002–03 జాతీయ సర్వేలో ఐదేళ్ళ పిల్లలలో సగానికి కొంచెం పైగా దంతక్షయం ఉన్నట్లు తేలింది. దంతకళాశాలల సంఖ్య పెరిగినంతగా ఆ పిల్లలకు సేవ పెరగలేదు. కళాశాలలు పట్టణాలలో ఉన్నాయి, పసిపిల్లలు అంగన్‌వాడీలలో ఉన్నారు.

కొన్ని ద్వారాలు ఇప్పటికే తెరిచి ఉన్నాయి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించవలసిన ముప్పై ఆరోగ్య స్థితులలో దంత సమస్యలను చేర్చింది. ఆ సంచార బృందాలు ఆరేళ్ళ లోపు పిల్లలను అంగన్‌వాడీలలో ఏడాదికి రెండుసార్లు చూడాలి. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014లో మొదలైంది. 2018లో వచ్చిన ‘ఇంటివద్ద పసిపిల్లల సంరక్షణ’ విధానం ప్రకారం ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలల వయస్సులలో బిడ్డ ఇంటికి వెళ్ళాలి. తొమ్మిదో నెలలో, పదహారో నెల తరువాత టీకాల కోసం బిడ్డ ఎలాగూ ఆరోగ్య కార్యకర్త ముందుకు వస్తుంది. ఈ వయస్సులు పళ్ళు మొలిచే కాలంతో సరిగ్గా కలుస్తున్నాయి. బిడ్డ పై పెదవిని వేలితో ఎత్తి, ముందుపళ్ళ మొదట్లో తెల్లని గీత ఉన్నదా అని చూడటానికి అర నిమిషం చాలు.

అమెరికా నమూనాను యథాతథంగా తెచ్చుకోవడం మాత్రం తగదు. నల్లగొండ, ప్రకాశం వంటి ప్రాంతాలలో ఫ్లోరైడ్ అన్న పదానికి ప్రజల స్మృతిలో ఉన్న అర్థం ఔషధం కాదు, వంగిన వెన్నెముక. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కోరదగిన పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము. ప్రత్యామ్నాయం లేనిచోట అనుమతించే గరిష్ఠ పరిమితి 1.5 మిల్లీగ్రాములు. ఏడాదికి రెండు నుంచి నాలుగుసార్లు, పంటి ఉపరితలంపై అతి తక్కువ మోతాదులో పూసే వార్నిష్‌కూ, ఏళ్ళ తరబడి రోజూ తాగే నీటికీ భేదం శాస్త్రరీత్యా స్పష్టమే. అయినా ఆ భేదాన్ని వివరించకుండా పూత మొదలుపెడితే ప్రజలు అనుమానించడం సహజం, న్యాయం కూడా. ఆ ప్రాంతాలలో ముందు ఊరి నీటి పరీక్ష, తరువాత తల్లితో సంభాషణ, ఆపైన పూత అన్న క్రమమే సరైనది. ఈ క్రమాన్ని పాటించగలిగేది ఊరి నీటిని, ఊరి మనుషులను ఎరిగిన స్థానిక కార్యకర్త మాత్రమే.

చెల్లింపు సమస్య ఇక్కడా తప్పదు. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల పనిజాబితాలో మరో అంశాన్ని కాగితంపై చేర్చడం తేలిక. శిక్షణ, పారితోషికం, పంపిన బిడ్డను చేర్చుకొనే దంతవైద్యుడు లేకుండా చేర్చితే, 1967 నాటి అమెరికా చట్టానికి పట్టిన గతే దానికీ పడుతుంది.

10. ముగింపు

పసిబిడ్డ నోటిని రెండు వృత్తులు రెండు వేర్వేరు కారణాలతో వదిలివేశాయి. దంతవైద్యం తన స్వాతంత్ర్యం కోసం వైద్యం నుంచి విడివడి, బడి ఈడు వరకు బిడ్డ రాక కోసం వేచి ఉంది. శిశువైద్యం తన శాస్త్రీయత కోసం దంతోద్భవ భయాన్ని త్యజించి, దానితోపాటు దంతాన్నీ మరచింది. రెండు నిర్ణయాలూ తమ కాలంలో సమంజసమైనవే. వాటి మధ్య మిగిలిన మూడేళ్ళ ఖాళీకి మూల్యం చెల్లించినవారు మాత్రం ఆ నిర్ణయాలలో ఏ భాగమూ లేని పేద పిల్లలు.

ఆ ఖాళీని పూరించడానికి జ్ఞానం ఒక్కటే చాలలేదని ఉత్తర కరోలినా అనుభవం చూపుతున్నది. మిల్లర్ సిద్ధాంతానికీ శిశువైద్యుని చేతిలోని కుంచెకూ మధ్య నూట పదేళ్ళు గడిచాయి. తెలుగు ప్రాంతాలలో ఆ జ్ఞానమూ ఉంది, బిడ్డ వద్దకు వెళ్ళే మనిషీ ఉంది. తొమ్మిదో నెల టీకా వేయించుకొని ఏడుస్తున్న బిడ్డ నోరు ఎలాగూ తెరిచే ఉంటుంది. దానిలోకి చూడటం తన పని అని ఆ గదిలో ఉన్న కార్యకర్తకు చెప్పడం, చూడటం నేర్పడం, చూసినందుకు ప్రతిఫలం ఇవ్వడం మిగిలి ఉంది.